రైలు పోయింది, దారి మిగిలింది

మణుగూరు నుంచి ఏడూళ్ల బయ్యారం వైపు వచ్చే రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. వెనక టిప్పర్ హారన్ వినపడగానే తారు దిగి పక్కనున్న మొరంలోకి తిప్పేస్తారు. బండి పోయి, లేచిన దుమ్ము కాస్త సర్దుకున్నాక మళ్ళీ తారెక్కుతారు. బొగ్గు లారీ, ఇసుక లారీ, బూడిద లారీ, ఏదొచ్చినా ఇదే తంతు. లోపలి గుంపుల నుంచి వచ్చేవాళ్ళయితే వీలున్నంత వరకూ తారు జోలికే పోరు. చేలగట్టు, బండిబాట, ఎప్పుడో కలప లారీల కోసం అడవిలో వేసిన కూపు రోడ్డు పట్టుకుని వస్తారు. దారి కాస్త చుట్టే, కానీ ప్రాణానికి హాయి.

ఆ హాయి కోసమే ఇవాళ దేశదేశాల జనం మధ్యధరా సముద్రం ఒడ్డున, స్పెయిన్‌లోని వాలెన్సియా నగరానికి సైకిళ్ళతో సహా విమానాలెక్కి వస్తున్నారు. తారు రోడ్డు వదిలేసి కంకర దారిన, మట్టి దారిన దూరాలు పోయే ఈ సరదాకు గ్రావెల్ బైకింగ్ అని పేరు. నగరం నడిబొడ్డునుంచే బయల్దేరి పాత నది గర్భంలోంచి, కూరగాయల తోటల మధ్యనుంచి, అల్బుఫేరా సరస్సు చుట్టూ ఉన్న వరిపొలాల గట్లమీదుగా, కొండల దాకా మోటారు బండ్ల బెడద పెద్దగా లేకుండా పోవచ్చు. చూసి వచ్చినవాళ్ళు ఆ నగరపాలకుల ముందుచూపును మెచ్చుకుంటారు. అందులో సగమే నిజం. ఆ దారుల్లో పేరున్నవేవీ సైకిలు కోసం వేసినవి కావు. ఒకటి గని కోసం, ఒకటి వరద మూలంగా, ఒకటి వరి కోసం పుట్టింది. వాళ్ళు చేసిన గొప్ప పనల్లా, పాత పని తీరిపోయిన దారిని అమ్ముకోకుండా ఉంచుకోవడం.

వీటన్నిటిలో మన బొగ్గు ప్రాంతం వాళ్ళు వినాల్సిన కథ గనిది. వాలెన్సియాకు వాయవ్యంగా తెరూయెల్ ప్రాంతపు కొండల్లో ఓఖోస్ నెగ్రోస్ అనే ఊరి దగ్గర ఇనుప ఖనిజం ఉంది. 1900లో బాస్క్ దేశపు వ్యాపారులు రమోన్ దె లా సోతా, ఎదువార్దో అస్నార్ కలిసి సియెర్రా మెనేరా గనుల కంపెనీ పెట్టారు. ఖనిజం కొండమీద, ఓడలు ఆగేది సగుంతో తీరాన, మధ్యలో 200 కిలోమీటర్ల నేల. అప్పటికే అదే వైపు పోయే రైలు మార్గం ఒకటి ఉంది. దాని మీద ఖనిజం తోలుకుంటే పోయేది. కానీ ఆ రైలు కంపెనీకీ గని కంపెనీకీ బేరం కుదరలేదు. మీ రైలు వద్దు, మాది మేమే వేసుకుంటాం అని గనివాళ్ళు మీటర్ గేజి పట్టాలు పరిచేశారు. చాలా చోట్ల రెండు లైన్లూ ఒకదాని పక్కన ఒకటి, దాయాదుల ఇళ్ళలా ఎడమొహం పెడమొహంగా సాగుతాయి. 1907లో ఖనిజం బండ్లు నడిచాయి. 1972లో ఆగిపోయాయి. ఆ తర్వాత ఖనిజం ఏ దారిన పోయిందనుకున్నారు? పక్కనున్న ఆ మొదటి లైను మీదే. 65 ఏళ్ళు రెండు రైళ్ళు నడిచాక గాని ఒకటి చాలునని తేలలేదు. 1984లో సగుంతో ఉక్కు కొలిమి చల్లారింది. 1987లో గని మూతపడింది. పట్టాలు పోయాయి. కట్ట, కంకర, సొరంగాలు, రాతి వంతెనలు మిగిలాయి.

గని రైలు కట్టకు ఒక గుణం ఉంది. ఖనిజం నింపిన బండి నిటారు ఎత్తు ఎక్కలేదు, వాలు ఎక్కువైతే దిగేటప్పుడు ఆగనూలేదు. అందుకని ఇంజనీర్లు కొండను చుట్టి చుట్టి లైను వేస్తారు. అడ్డమొచ్చిన గుట్టను కోస్తారు, లోయ వస్తే మట్టి పోస్తారు, తప్పదనుకుంటే సొరంగం తవ్వుతారు. వంద అడుగుల దూరానికి రెండు మూడు అడుగుల ఎత్తు దాటకుండా చూసుకుంటారు. ఇంజనుకు పడని వాలు మనిషి మోకాలికీ పడదు. ఇంజను కోసం పడిన ఆ కష్టమంతా ఇప్పుడు సైకిలు తొక్కేవాడికి ఊరికే దక్కింది. ఖనిజం ఎటు దిగిందో వాడూ అటే, కొండ మీది నుంచి సముద్రం వైపు దిగుతాడు.

1993లో స్పెయిన్ ప్రభుత్వం లెక్క తీస్తే దేశంలో ఇలా పాడుబడ్డ రైలు మార్గాలు 7,600 కిలోమీటర్ల పైచిలుకు తేలాయి. వాటిని నడకకూ సైకిలుకూ మళ్ళించే పనిని ఆ దేశపు రైల్వే ఫౌండేషన్ ఎత్తుకుంది. వియాస్ వెర్దెస్ అని పేరు పెట్టారు. పచ్చదారులన్నమాట. ఈ 30 ఏళ్ళలో 3,000 కిలోమీటర్లకు పైగా తయారయ్యాయి. ఓఖోస్ నెగ్రోస్ దారి వాటిలోకెల్లా పొడవైంది, 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క పంచవర్ష ప్రణాళికలో కొబ్బరికాయ కొట్టి పూర్తిచేసింది కాదు. ఈ ఊరి పంచాయతీ ఇక్కడ ఓ ముక్క, ఆ జిల్లా అక్కడ ఓ ముక్క, అలా అతుకుతూ వచ్చారు. సైకిలు వాళ్ళ కోసం చేసిన ఖర్చులో ముఖ్యమైనది చూడటానికి చాలా చిన్నది. ఊరి రోడ్డు ఈ దారిని దాటే చోట కూసాలో గేటో పెడతారు. సైకిలు దూరుతుంది, కారు దూరదు. మోటారు బండ్లు లేని దారి అనడానికి అసలు ఆధారం అదే, బోర్డు కాదు.

ఈ ఆలోచన స్పెయిన్ సొంతం కూడా కాదు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్రాయ్, స్పార్టా ఊళ్ళ మధ్య ఆగిపోయిన రైలు మార్గాన్ని 1967లోనే సైకిళ్ళకు తెరిచారు. 1983లో ఆ దేశం ఒక చట్టం కూడా చేసింది. వాడకం ఆగిన రైలు మార్గాన్ని ముక్కలు చేసి అమ్మకుండా దారిగా వాడుకోవచ్చు, రేపు మళ్ళీ రైలు కావాలంటే వెనక్కి ఇచ్చేయాలి. భూమి చీలికలు పేలికలు కాకుండా కాపాడిన మంచి ఉపాయం అది. ఒకసారి ముక్కలైన పట్టీని మళ్ళీ కలపడం ఎంత కష్టమో కాలువల కోసం భూసేకరణ చూసిన మన ఊళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇక బండి కథ. రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి పెట్టి మనిషిని కూర్చోబెట్టిన మొదటివాడు అటవీశాఖ అధికారి అంటే మన ఏజెన్సీలో కొందరు నవ్వుతారేమో. జర్మనీలోని బాడెన్ రాజ్యంలో కార్ల్ ఫాన్ డ్రైస్ చేసింది ఆ కొలువే. 1817 జూన్ 12న ఆయన తన చెక్కబండి మీద మాన్‌హైమ్ నుంచి ష్వెట్సింగెన్ వైపు పోయే మంచి రోడ్డు పట్టుకుని సుమారు 7 కిలోమీటర్లు పోయి వచ్చాడు. రానుపోను గంట పట్టింది. పెడల్ లేదు, చైను లేదు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. అయినా మామూలు గుర్రబ్బండి కంటే వేగంగానే పోయాడు. చిక్కల్లా రోడ్లతో వచ్చింది. బండిచక్రాల గాళ్ళు పడ్డ దారిలో ఈ చెక్కబండి నిలబడేది కాదు. దాంతో కొన్నవాళ్ళు దాన్ని పాదచారుల బాట మీదికెక్కించారు. నడిచేవాళ్ళు గగ్గోలు పెట్టారు. మాన్‌హైమ్ అదే ఏడు చివర్లో బాట మీద నిషేధించింది. తర్వాత లండన్, ఫిలడెల్ఫియా, ఆఖరికి మన కలకత్తా కూడా. దారి లేక దెబ్బతిన్న మొదటి వాహనం సైకిలే. రైలు పట్టాల మీద చేతులతో తోసుకుపోయే తనిఖీ ట్రాలీని యూరప్‌లో ఇప్పటికీ ఈ డ్రైస్ పేరుతోనే పిలుస్తారు. పట్టాలు పోయిన చోటికి ఆయన రెండు చక్రాల బండి ఇప్పుడు తిరిగి చేరింది.

రోడ్డు సంగతి స్కాట్లండ్ మనిషి జాన్ మెకాడమ్ చూశాడు. 1816లో బ్రిస్టల్ రోడ్ల సర్వేయరు అయ్యాక, పెద్ద బండలు పరిచే పద్ధతి మాని, చేతితో కొట్టిన చిన్న కంకర పొరలుగా వేయించాడు. ఏ రాయీ 6 ఔన్సులు, అంటే 170 గ్రాములు మించకూడదు. నున్నటి గులకరాయి దొర్లిపోతుంది, కొట్టిన రాయికి మూలలుంటాయి గనక ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. పైన ఇనుప పట్టీ చక్రాల బండ్లు తిరిగేకొద్దీ రోడ్డు ఇంకా గట్టిపడుతుంది. మన మెటల్ రోడ్డు, రోడ్డు పక్కన కుప్పలు పోసి కొలిచే కంకర, అన్నీ ఆయన వారసత్వమే. తారు ఎందుకొచ్చిందంటే కార్ల మూలాన. వేగంగా తిరిగే రబ్బరు టైరు కంకర మధ్య ఉన్న సన్నపొడిని లేపేస్తుంది, పొడి పోతే రాళ్ళ పట్టు వదులుతుంది. దుమ్ము ఒక బాధ, రోడ్డు ఊడిపోవడం ఇంకో బాధ. 1902లో హూలీ అనే ఇంగ్లండ్ సర్వేయరు తారు కలిపిన కంకరకు పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు మంచి రోడ్లు కావాలని అమెరికాలో ఊరేగింపులు తీసి, పత్రికలు నడిపి, శాసనసభల మెడలు వంచింది సైకిలు సంఘాల వాళ్ళు. 1880లో ఏర్పడిన లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్మెన్ వాళ్ళలో పెద్దది. వాళ్ళు అడిగిన రోడ్లు వచ్చాయి, కార్లు వాటిని ఆక్రమించాయి. అడిగినవాడు మొరంలోకి దిగాడు.

కానీ ఆ మొరంలోకి దిగి బతికి బట్టకట్టగలగడానికి గాలి టైరు కావాలి. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండి రాళ్ళ మీద ఎగిరిపడటం చూడలేక రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ అనే ఇంకొకాయన 1840లలోనే ఆ పని చేశాడని తర్వాత బయటపడి పేటెంటు చెల్లలేదు, అది వేరే రామాయణం. టైరును అంటించేయకుండా ఊడదీసేలా చేసింది మిషెలిన్ సోదరులు, 1891లో. ఇవాళ మన పంక్చర్ షాపులో జరిగేదంతా ఆ ఏడు మొదలైన పద్ధతే. రిమ్ము అంచు నుంచి టైరు ఊడదీయడం, ట్యూబుకు గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచి తిప్పడం, బుడగ లేచిన చోట గుర్తు పెట్టి ఆకురాయితో రుద్ది, సొల్యూషన్ రాసి, అది తడారేదాకా నోటితో ఊది ప్యాచ్ వేయడం. పల్లేరు ముల్లు, తుమ్మముల్లు తిరిగే దారుల్లో ఈ విద్య రానివాడు సైకిలుకు పనికిరాడు.

గ్రావెల్ బైకు అనే ప్రత్యేకమైన సరుకు ఈ శతాబ్దంలో వచ్చింది. దానికి మేనమామ మౌంటెన్ బైకు. 1970లలో కాలిఫోర్నియాలోని టామల్‌పయస్ కొండమీద అడవి మంటలు ఆర్పడానికి వేసిన మట్టిరోడ్లలో కొందరు కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళు పైనుంచి కిందికి తోలేవాళ్ళు. మన అటవీశాఖ కొట్టించే ఫైర్ లైన్ల లాంటివే ఆ రోడ్లు. దిగేసరికి బ్రేకు వేడికి వెనక హబ్బులో గ్రీజు కరిగి పొగలయ్యేది, మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది. 1976లో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అనే పేరు అలాగే వచ్చింది. ఇటు ఇటలీలో, టస్కనీ ప్రాంతపు తెల్లమట్టి రోడ్లకు తారు వేసేస్తుంటే, వాటిని కాపాడాలని 1997లో గయోలె అనే పల్లెలో పాత సైకిళ్ళ యాత్ర ఒకటి మొదలైంది. పేరు లెరోయికా. మొదటి ఏడు వందమంది కూడా రాలేదు. 2007కల్లా అదే మట్టిరోడ్ల మీద ప్రొఫెషనల్ రేసు జరిగింది. 2006లో అమెరికా కాన్సస్ గడ్డిమైదానాల్లో ఎంపోరియా ఊరి దగ్గర 34 మంది 200 మైళ్ళ కంకర పందేనికి బయల్దేరారు. ఇవాళ దాని పేరు అన్‌బౌండ్, వేలమంది వస్తారు. అక్కడి చెకుముకి రాళ్ళు కత్తుల్లా ఉంటాయి గనక కంపెనీలు సన్న టైరు రేసు సైకిలు ఫ్రేమును కాస్త సాగదీసి, 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టేలా చేసి, కొత్త రకం బండి అని అమ్మడం మొదలుపెట్టాయి.

ఇక్కడ ఆగి మన ఇంటి గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిలు టైరు పక్క అంచు చూడండి. 28 × 1½ అని ఉంటుంది. ప్రపంచ కొలతల్లో దాన్నే 40-635 అంటారు. 40 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. లక్షలు పోసి కొనే గ్రావెల్ బైకు టైరు ఎంతో, పాలక్యాన్లు మోసే మన హీరో, అట్లాస్ టైరు అంతే. కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌వాళ్ళు తారు రాకముందు తమ కంకర రోడ్ల కోసం గీసుకున్న కొలత అది. వాళ్ళకు తారొచ్చాక టైరు సన్నబడింది. మన రోడ్లు మారలేదు గనక లూధియానా, సోనేపట్ ఫ్యాక్టరీలు ఆ కొలత మార్చలేదు. వాలుగా పడుకున్న ఫోర్కు, చక్రాల మధ్య ఎక్కువ ఎడం, నిటారుగా కూర్చునే సీటు, అన్నీ గతుకుల కోసమే. బరువు ఎక్కువ, గేర్లు లేవు, రాడ్డు బ్రేకు వానలో పట్టదు. ఈ మూడూ ఒప్పుకోవాల్సిందే. అయినా తునికాకు సీజనులో, ఏప్రిల్ ఎండల్లో, క్యారియర్ మీద ఆకు మూటలు వేసుకుని అడవి బాటన కల్లానికి చేరే సైకిలును చూసినవాళ్ళెవరూ గ్రావెల్ బైకింగ్ కాన్సస్‌లో పుట్టిందంటే తలూపరు. పందెం అక్కడ పుట్టింది. పని ఇక్కడ ఎప్పట్నుంచో నడుస్తూనే ఉంది.

వాలెన్సియాలో వరద దారి సంగతి చెప్పకపోతే గోదారి ఒడ్డువాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది. 1957 అక్టోబరు 14న తూరియా నది ఆ నగరాన్ని ముంచింది. 80 మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం నదినే ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్ళించింది. నగరం నడుమ ఎండిన నది గర్భం మిగిలింది. అందులో పెద్ద మోటారు రోడ్డు వేయాలని ప్లాను గీశారు. ఊరి జనం ఒప్పుకోలేదు, నది మాది, పచ్చగా ఉంచండి అని వీధుల్లోకి వచ్చారు. 1976లో ఆ నేల నగరానికి దఖలు పడింది. ఇప్పుడది దాదాపు 9 కిలోమీటర్ల తోట. పాత వంతెనల కింద నుంచి సైకిళ్ళు పోతుంటాయి, కార్లన్నీ వంతెనల మీదే. అయితే నీటికి ఎక్కడో దారి కావాలి కదా. 2024 అక్టోబరు 29న మళ్ళీ కుండపోత పడ్డప్పుడు పాత నగరం తప్పించుకుంది. దక్షిణపు ఊళ్ళు మునిగాయి. ఆ ప్రాంతంలో 200 మందికి పైగా పోయారు. భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు చూసిన మనకు ఒక ఒడ్డు కాపాడితే ఇంకో ఒడ్డు ఏమవుతుందో తెలియంది కాదు. తోట అందంగా ఉందని ఆ మళ్ళింపును పొగిడేయలేం.

మన దగ్గర ఏముంది? హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న మొదలైంది. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో చూసి వచ్చి కట్టారు. ఎండలో నీడ, రాత్రి వెలుతురు, కార్లు రావు. మంచిదే. కాకపోతే అది ఊళ్ళను కలిపే దారి కాదు, ఎనిమిది వరసల రహదారి హోరు పక్కనే పోయి పక్కనే తిరిగొచ్చేది. కొత్తగా కట్టిన ఆట స్థలం అనాలి.

పాత పని తీరిపోయిన దారి మాత్రం మనకు ఇంకా దగ్గర్లో ఉంది. ఆర్థర్ కాటన్ నాగపూర్ వైపు పండే పత్తిని గోదావరి మీదుగా పడవల్లో సముద్రానికి దించాలని కల గన్నాడు. కెప్టెన్ హేగ్ ఆ పని మీదే ఏళ్ళు గడిపాడు. రాళ్ళూ సుడులూ దాటించడానికి దుమ్ముగూడెంలో ఆనకట్ట, పక్కన లాకులతో పడవల కాలువ కట్టారు. ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలొచ్చింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో గోదావరి పథకాన్ని వదిలేశారు. స్పెయిన్‌లో రైలు చచ్చి సైకిలుకు దారిచ్చింది, ఇక్కడ రైలొచ్చి పడవ దారిని చంపింది. ఆ కాలువ గట్టును నడక దారిగా, సైకిలు దారిగా చూసినవాళ్ళు పెద్దగా కనబడరు. డెల్టా కాలువల మీద పడవలకు తాడు కట్టి గట్టున నడుస్తూ లాగినవాళ్ళకు గట్టు విలువ తెలుసు, వాళ్ళ మనవలకు అది చెత్త పోసే చోటు.

ఇప్పుడు కొత్త గట్లు లేస్తున్నాయి. అశ్వాపురం మండలం బీజీ కొత్తూరు దగ్గర గోదారి నీళ్ళెత్తే సీతారామ ప్రాజెక్టు పంపుహౌసులు 2024 ఆగస్టు 15న ప్రారంభమయ్యాయి. కాలువ ఎక్కడుంటే దాని కట్ట మీద ఇంజనీర్ల జీపు కోసం ఒక మొరం దారి ఉంటుంది. కాలువ నీరు పల్లానికే పారాలి గనక ఆ దారికీ పెద్ద ఎత్తుపల్లాలుండవు. రోజుకు ఒకటో రెండో జీపులు తప్ప వేరే బండికి అక్కడ పనిలేదు. బడిపిల్లలకు, కూలికి పోయేవాళ్ళకు, టిప్పర్ల రోడ్డు తప్పించుకోవాలనుకునే ప్రతివాళ్ళకు అదే దారి.

ఒక మాట తేల్చుకోవాలి. గూడేనికి పోయే రోడ్డును మొరంగానే ఉంచమని ఎవరైనా అంటే ఆ మాట వినొద్దు. కాన్పు మనిషిని మంచానికి కర్ర కట్టి మోసుకొచ్చే చోట తారు కావాలి, అంబులెన్సు రావాలి. రిజర్వు ఫారెస్టు లోపలి బాటలను విహారయాత్రలకు తెరవమనడం కూడా ఇక్కడి మాట కాదు. నేను చెప్పేది కాలువ కట్టల గురించి, పని తీరిన గని రోడ్ల గురించి, రేపు మూతపడితే పడే రైలు సైడింగుల గురించి. వాటి మీద ఎవరి ఇల్లూ లేదు, ఎవరి పొలమూ లేదు. వదిలేస్తే మాత్రం ఐదేళ్ళలో అవి ఎవరో ఒకరి సొంతమవుతాయి, లేదా లారీల అడ్డదారులవుతాయి.

మన పినపాక మండలం షెడ్యూల్డు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ఇక్కడ గ్రామసభకు మిగతా చోట్ల లేని గొంతునిచ్చింది. మీ ఊరి పక్కన కాలువ కట్ట లేస్తుంటే, గని కొత్త రోడ్డుకు మారి పాతది వదిలేస్తుంటే, ఈసారి గ్రామసభలో ఒక తీర్మానం పెట్టించండి. కట్ట ఎక్కే చోట రెండు రాతి కూసాలు పాతాలి, వాటి మధ్య సైకిలు హ్యాండిల్ పట్టేంత సందు ఉండాలి, జీపు కోసం తాళమున్న గేటు వేరే ఉండాలి. తీర్మానం కాపీ మీద సర్పంచి, కార్యదర్శి సంతకాలు పడేదాకా కూర్చుని, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.